ఒంటి మూలం మాస్టారు

జనవరి 18

అన్నయ్యకు,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే నాలుగు పేజీలు రాస్తావు, నాకు కావలసిన సంగతి ఐదో పేజీలో కూడా రాదు. ఫోన్ చేస్తే "ఆఁ? ఎవరూ? ఆఁ?" అంటావు. అందుకే ఈ ఉత్తరం.

నేను పదో తరగతి చదువుతున్నాను. నవ్వడం అయ్యాక కింది వాక్యానికి రా.

కుట్టు శిక్షణ కేంద్రంలో పంతొమ్మిదేళ్ళ నుంచి నేర్పుతున్నానని నీకు తెలుసు. కాగితం మీద నేను సహాయకురాలిని. కానీ కత్తెర పట్టుకోవడం దగ్గర్నుంచి కాలరు తిప్పడం దాకా నేర్పేది నేనే. ఈ ఏప్రిల్ నుంచి పదో తరగతి పాస్ కానివాళ్ళెవరూ క్లాసు గదిలో ఉండకూడదని కేంద్రం గోడకు కాగితం అంటించారు. వయసు అడ్డు కాదట, సర్టిఫికెట్ అడ్డట. నా దగ్గర సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్న పిల్ల వచ్చి నా కుర్చీలో కూర్చుంటుంది. నేను ఇంటికెళ్ళి గోడ చూస్తూ కూర్చుంటాను.

మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాను. లెక్కలు రెండుసార్లు పోయాయి. మార్చి 20న ఆఖరి అవకాశం. శని, ఆదివారాలు మధ్యాహ్నం ఒక బడిలో మాలాంటి పెద్దవాళ్ళకు క్లాసులు. హోంవర్క్ నోట్‌బుక్ చూసి టీచరమ్మ సంతకం పెడితేనే హాల్‌టికెట్. ఇప్పుడు వర్గ సమీకరణాల పాఠం, నలభై లెక్కలు. మొదటిదే x² + 6x = 40. సూత్రం ఒకటి చెప్పారు. మైనస్ బి, ప్లస్సో మైనస్సో అంటూ మొదలవుతుంది. ప్లస్సో మైనస్సో రాసినవాళ్ళకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది?

ముప్ఫై మూడేళ్ళు ఊరి పిల్లలందరికీ చెప్పావు. తోడబుట్టినదానికి ఒక్క పాఠం చెప్పు.

నీ చెల్లెలు

జనవరి 24

చెల్లీ,

పోస్ట్‌మ్యాన్ నీ ఉత్తరాన్ని పక్కింటి తలుపు కింద తోశాడు. వాళ్ళు రెండు రోజులు దాన్ని టీవీ మీద పెట్టుకుని, మూడో రోజు పొయ్యి మీద పాలలా గుర్తొచ్చి తెచ్చి ఇచ్చారు. ఈ వీధిలో నాకు ఉత్తరం వస్తుందని నమ్మే మనిషి ఎవరూ లేరు.

నేను నవ్వలేదు. నవ్వి చాలాకాలమైంది. ముప్ఫై మూడేళ్ళన్నావు కదా, అన్నేళ్ళ తర్వాత వాళ్ళు నాకు ఇచ్చింది ఒక గోడ గడియారం. వారంలో ఆగిపోయింది. ఇచ్చినవాళ్ళ అభిమానం దానికన్నా ముందే ఆగింది.

సూత్రం బట్టీ పట్టకు. సూత్రాలు పాఠ్యపుస్తకాల కమిటీ వాళ్ళవి. ఆ కమిటీకి నన్ను పిలవలేదు. పిలిచినవాళ్ళలో ఒకాయన భిన్నాలు వేళ్ళ మీద భాగించేవాడు. నీకు నా పద్ధతి చెప్తాను. ఇది నేను పదిహేనో ఏట కనిపెట్టింది. మన బడి పత్రికలో బొమ్మతో సహా వేశారు, ఆ ఏడు లెక్కల బహుమతి దీనికే వచ్చింది. దీని మీదే నా కాలేజీ, నా ఉద్యోగం. బతుకులో నాకు ఒకరు దానం చేయనిది ఇదొక్కటే.

వార్తాపత్రికలోంచి చదరంగా ఒక ముక్క కత్తిరించు. దాని పక్క కొలత x అనుకో. అప్పుడు ఆ ముక్క x². 6xను సగం చెయ్యి. మూడేసి వెడల్పున్న రెండు పట్టీలు వస్తాయి. ఒకటి చదరానికి కుడిపక్కన పెట్టు, ఒకటి కింద పెట్టు. ఈ మూడు ముక్కలూ కలిపి 40. ఇప్పుడు కింద కుడివైపు ఒక మూల ఖాళీగా కనిపిస్తుంది. దాని కొలత మూడు బై మూడు, అంటే 9. ఆ ముక్క కూడా పెడితే పెద్ద చదరం పూర్తి. నలభైకి తొమ్మిది కలిపితే నలభై తొమ్మిది. నలభై తొమ్మిది చదరానికి పక్క ఏడు. అందులో పట్టీ వెడల్పు మూడు తీసేయి. x = 4. అంతే.

బొమ్మలో ప్రతి ముక్క చుట్టూ, కొంచెం ఎడంగా, చుక్కల గీత ఒకటి వేయాలి. అది మరవకు. పత్రికలో అలాగే ఉంది.

ఈ లెక్కకు ఇంకో జవాబు కూడా ఉంది. అది చెప్పే ముందు నీకొక గొడుగాయన గురించి చెప్పాలి. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన ఉండేవాడు, ఎండలేని రోజు కూడా చంకలో గొడుగు... వద్దులే. కాగితం కూడా అయిపోయింది. మిగతాది మళ్ళీ రాస్తాను.

అన్నయ్య

ఫిబ్రవరి 2

అన్నయ్యకు,

పన్నెండు లెక్కలు చేశాను! వార్తాపత్రిక నాకు చేతికి ఆనదు, అస్తరు గుడ్డ ముక్కలతో చేశాను. బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, మూల ఎంత తక్కువైందో చూడటం. ఈ పని నేను రోజుకు పదిసార్లు చేస్తాను, దానికి వర్గ సమీకరణం అని పేరుందని తెలియదు. మా క్లాసులో ఒక డ్రైవరున్నాడు, యాభై దాటాడు. "అక్కా, నాకూ ఒక గుడ్డముక్క ఇవ్వవా, పరీక్షలో జేబులో పెట్టుకుంటా" అంటున్నాడు.

వార్తాపత్రిక సంగతి నువ్వు రాస్తే నాకూ ఏదో కొంచెం గుర్తొచ్చింది. సరేలే. ఒక్క మాట అడుగుతాను. ఆ చుక్కల గీత ఎందుకన్నయ్యా? లెక్కలో దానికి పనేమీ లేదే? నువ్వే కనిపెట్టావు కాబట్టి నీకే తెలియాలి.

గొడుగంటే గుర్తొచ్చింది. మా టీచరమ్మ కూడా ఒక పాత నల్ల గొడుగు తెచ్చుకుని కుర్చీకి తగిలిస్తుంది. వెదురు పిడి, వంపు దగ్గర రాగి తీగ చుట్టి ఉంటుంది. "ఎండ లేదు కదమ్మా" అంటే, "మా నాన్నది, అలవాటు" అంది. ఆయన కూడా లెక్కల మాస్టారేనట, నువ్వు పనిచేసిన బడేనట! నీకు తెలిసినవాళ్ళేమో. మా అన్నయ్య కూడా అక్కడే చేశాడని చెప్పనా? మనిషి మంచిది, కాస్త గట్టిది. నోట్‌బుక్ ఎవరిచేతో రాయించుకొచ్చారని పోయినేడు నలుగురికి హాల్‌టికెట్ ఆపేసిందట.

నోట్‌బుక్ 15వ తేదీన ఇవ్వాలి. రెండో జవాబు సంగతి రాస్తానన్నావు, రాయలేదు.

చెల్లెలు

ఫిబ్రవరి 8

చెల్లీ,

చెప్పకు. నా ఊసు ఆ మనిషి దగ్గర ఎత్తకు. రాగి తీగ చుట్టిన పిడి అన్నావు కదా, ఇక అనుమానం లేదు. ఆ గొడుగు మొనతో ఆయన నా ఇరవై రెండేళ్ళు పొడిచాడు.

చదువుకున్న బడికే నేను మాస్టారుగా వెళ్ళానని నీకు తెలుసు. పత్రికలో పడిన నా పేజీకి అద్దం కట్టించి లెక్కల గదిలో తగిలించుకున్నాను. అది తప్పా? గాడిదలు తమ తాతల పేర్లే గోడలకు తగిలించుకుంటున్నాయి. ఇన్‌స్పెక్షన్ నాడు, పైనుంచి వచ్చిన అధికారి ముందు, ఈ గొడుగాయన ఆ అద్దం దగ్గర నిలబడి, తల పక్కకు వంచి, "మాస్టారూ, రెండో మూలం ఏదీ?" అన్నాడు. ఒక్క మాటే. వర్గ సమీకరణానికి మూలాలు రెండు, నా పేజీలో ఒకటే ఉంది. పదిహేనేళ్ళ కుర్రాడు రాసింది! అధికారి నవ్వాడు. హెడ్మాస్టరు అధికారి నవ్వాడు గనక నవ్వాడు. కిటికీ దగ్గరున్న పిల్లలు విన్నారు. మర్నాటి నుంచి నేను "ఒంటి మూలం మాస్టారు". ఇరవై రెండేళ్ళు. బ్లాక్‌బోర్డు వైపు తిరిగితే వెనక నుంచి వినపడేది. నా చెవులు అందుకే పోయాయేమో, వినలేక.

చరిత్రలు చాలా చదివాను నేను. కోటలు కూలింది ఫిరంగులతో కాదు, లోపలివాడు అన్న ఒక్క మాటతో.

ఇప్పుడు విను. ఇలా జరగాలని నేను కోరుకోలేదు, అదే జరిగింది. ఈ ఉత్తరంతో ఆ పత్రిక పేజీకి నా చేత్తో తీసిన నకలు పెడుతున్నాను. నీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉన్నదున్నట్టు ఎక్కించు. అక్షరం మార్చకు. బొమ్మ అలాగే, చుక్కల గీతతో. గీత ఎందుకని అడక్కు, అది నా పద్ధతికి ముద్ర. ఆ గొడుగు ఇంటి పెన్నుతో నా పద్ధతికి ఒక టిక్కు పడాలి. అది పడ్డాక, ఆ పేజీ చింపి నాకు పంపు. అద్దం కట్టిస్తాను.

భయపడకు. లెక్క సరైనదే.

అన్నయ్య

ఫిబ్రవరి 19

అన్నయ్యా,

నా హాల్‌టికెట్ ఆగిపోయింది.

నువ్వు చెప్పినట్టే ఎక్కించాను. నీ మాట మీద, అక్షరం మార్చకుండా. పదిహేనున ఇచ్చాను, పదహారున టీచరమ్మ అందర్నీ పంపేసి నన్ను ఉండమంది. సంచిలోంచి ఒక పాత పత్రిక తీసి నా నోట్‌బుక్ పక్కన పెట్టింది. వాళ్ళ నాన్న దాచుకున్నదట. అదే బొమ్మ, అవే మాటలు. "ఒక చదరపు వార్తాపత్రికను గైకొనుము." అన్నయ్యా, ఈ కాలంలో ఎవరు గైకొంటారు? నేను అది కూడా మార్చలేదు. బొమ్మ కింద వాళ్ళ నాన్న పెన్సిలుతో రాసుకున్నది ఇంకా ఉంది: రెండో మూలం ఏదీ? నా నలభై లెక్కల్లోనూ రెండో మూలం లేదు. రాస్తానని నువ్వు రాయలేదు కదా.

"ఈ మాస్టారిది చూసి రాశారు, ఆయన తప్పుతో సహా దించేశారు. మీది ఏదమ్మా ఇందులో?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

మార్చి 5 లోపల నేను రాతపూర్వకంగా చెప్పుకోవాలి. చూసి రాశానంటే ఈ ఏడాదికి నా పేరు కొట్టేస్తారు, ఏప్రిల్లో పనీ పోతుంది. చూసి రాయలేదంటే, ఈ పద్ధతి నాకెక్కడిదో చెప్పాలి.

ఎక్కడిదో నాకు తెలుసు. నీకూ తెలుసనే యాభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. నీ మొదటి ఉత్తరం చూసినప్పుడు ఊరుకున్నాను, అవసరం నాది కాబట్టి. ఇక ఊరుకోను.

నాకు పదకొండేళ్ళు. నువ్వు మంచం కిందికి దూరి ఏడుస్తున్నావు. మర్నాడు లెక్క అప్పజెప్పకపోతే బెంచీ ఎక్కిస్తారు. నేను అమ్మ మిషను పక్కన కూర్చుని దిండు గలీబుకు నీలం అస్తరు కత్తిరిస్తున్నాను. లెక్క ఏమిటో చెప్పమన్నాను. "నీకేం తెలుసే" అన్నావు. అయినా చెప్పావు. "ఒక చదరం, దానికి ఆరు పట్టీలు, మొత్తం నలభై" అన్నావు. ఆరు పట్టీలు ఒకే పక్క కుడితే అది చదరం అవదు, మూడు ఇటు, మూడు అటు వేయాలి, మూల తక్కువొస్తుంది, అక్కడ అతుకు వేయాలి అన్నాను. గుడ్డ ముక్కలు నేల మీద పరిచి చూపించాను. నువ్వు మంచం కింద నుంచి బయటికొచ్చావు. మోకాళ్ళకు దుమ్ముంది. "ఎవరికీ చెప్పకు, చిన్నపిల్ల చెప్పిందంటే నవ్వుతారు" అన్నావు. చెప్పలేదు.

బహుమతి వచ్చిన నాడు నాన్న ఏమన్నాడో గుర్తుందా? "ఇద్దర్నీ చదివించలేను. తల ఉన్నవాడు వీడు. ఇది మిషను మీద కూర్చుంటుంది." వేసవి సెలవుల తర్వాత నేను బడికి వెళ్ళలేదు.

ఎద్దు పుండు కాకికి నొప్పా? నీ పుండు నీకు నొప్పే, ఒప్పుకుంటాను. కానీ దాన్ని మానుపుకోవడానికి నా నోట్‌బుక్ వాడుకున్నావు.

టీచరమ్మకు ఒక ఉత్తరం రాయి. ఏం రాయాలో నేను చెప్పను.

చెల్లెలు

ఫిబ్రవరి 23

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవను.

నువ్వు మిషను పక్కన ఉండి ఉండొచ్చు. కత్తెర నీ చేతిలో ఉండి ఉండొచ్చు. నేను అడిగితే నాలుగు ముక్కలు కత్తిరించి ఇచ్చి ఉండొచ్చు. కొలిచిచ్చినవాడిది ఇల్లు అవుతుందా? ఆలోచన నాది. జ్ఞాపకం అంత నమ్మదగ్గ సాక్షి కాదు. ఎవరి తరఫున పిలిస్తే వాళ్ళ తరఫున చెప్తుంది. యాభై ఏళ్ళు కుట్టుకుంటూ కూర్చున్న మనిషి ఒక జ్ఞాపకాన్ని కూడా కుట్టుకుంది, అంతే.

నాన్న అన్నది నాన్న మాట. దానికి నేనా బాధ్యుణ్ణి? పదిహేనేళ్ళవాణ్ణి.

ఇక నీ హాల్‌టికెట్ సంగతి. ఇది నీ మీద కోపం కాదు, నా మీద పగ. గొడుగు కూతురు గొడుగే. నువ్వు చేతులు ముడుచుకుని కూర్చోకు, నేను కూర్చోలేదు. నిన్ననే మీ పదో తరగతి క్లాసుల సెంటర్ ఇన్‌చార్జికి మూడు పేజీల ఫిర్యాదు పంపాను. ఆ టీచరు తండ్రి పాత కక్షతో అమాయకురాలైన అభ్యర్థిని వేధిస్తోందనీ, ఆమెను తక్షణం తప్పించాలనీ. ఆ భాష చూసి వాళ్ళు వణకాలి.

అన్నయ్య

ఫిబ్రవరి 27

నీ ఫిర్యాదు వచ్చింది. వణికారు. నువ్వు అనుకున్నట్టు కాదు.

నాకు హాల్‌టికెట్ ఆపిన మర్నాడే టీచరమ్మ ఒక దారి ఆలోచించిందట. ఖాళీ కాగితం ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి, మూడు లెక్కలు చేయమని, చేస్తే సంతకం పెట్టేద్దామని. నిన్నటికి పెట్టుకుంది. మొన్న నీ ఫిర్యాదు చేరింది. ఇన్‌చార్జి ఆవిణ్ణి పిలిచి, విచారణ తేలేదాకా నా నోట్‌బుక్ ముట్టుకోవద్దన్నాడు. ఆవిడది కూడా ఏడాదికోసారి కొత్తగా రాసుకునే ఉద్యోగమేనట. 5వ తేదీన ఇద్దర్నీ కూర్చోబెడతారు. ఆ పద్ధతి ఎవరిదో పత్రికలో రాసిన మనిషి స్వయంగా చెప్పకపోతే నా పేరు కొట్టేస్తారు. కక్ష నిజమని తేలితే ఆవిడ పేరు కొట్టేస్తారు. ఒక్క కాగితంతో ఇద్దరు ఆడవాళ్ళ పనులు తీసేశావు. చిన్నప్పుడు ఒక్కదానిదే తీశావు.

మెట్ల మీద ఆవిడ ఎదురుపడింది. గొడుగు చేతిలో ఉంది. నేను తలెత్తలేకపోయాను. "ఆ మాస్టారు మీకేమవుతారు?" అంది. "అన్నయ్య" అన్నాను.

జ్ఞాపకం సాక్షి కాదన్నావు. సరే, నా జ్ఞాపకం పక్కన పెట్టు. నీ అద్దంలో ఉన్న పేజీ దించి చూడు. రెండు ప్రశ్నలు.

ఒకటి. రెండో మూలం ఎందుకు లేదు? నేను ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. గుడ్డకు మైనస్ కొలత ఉండదు. నువ్వు ఆ పాఠం బళ్ళో విని వచ్చినవాడివి. నీకెందుకు తట్టలేదు?

రెండు. చుక్కల గీత ఏమిటి? ఇది రెండోసారి అడగడం. ముద్ర అన్నావు. అది కుట్టు కోసం వదిలే అరంగుళం, అన్నయ్యా. ప్రతి ముక్క చుట్టూ సుద్దతో చుక్కలు పెడతాం, అక్కడ దారం నడుస్తుంది. అది లేకపోతే ముక్కలు అతకవు. కాగితానికి కుట్టెందుకు? వార్తాపత్రికకు అరంగుళం ఎవరు వదులుతారు? నేల మీద నేను గీసింది గీసినట్టు దించుకున్నావు, ఏమిటో తెలియకుండా. యాభై ఏళ్ళు అద్దంలో పెట్టుకున్నావు.

నన్ను చూసి రాసిందంటున్నారు. ఎవరు ఎవర్ని చూసి రాశారో ఆ గీత చెప్తుంది.

టపాకు రెండు మూడు రోజులు పడుతుంది. లెక్క నువ్వే వేసుకో.

మార్చి 1

చెల్లీ,

ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. క్యూలో నాలుగో వాణ్ణి. ముందున్నవాడు చిరునామా తప్పు రాసి మళ్ళీ రాస్తుంటే మొదటిసారి ఎవర్నీ ఏమీ అనలేదు.

నీ ఉత్తరం చదివి ముందు చింపేశాను. తర్వాత ముక్కలు అతికించి మళ్ళీ చదివాను. స్టూలు ఎక్కి అద్దం దించాను. వెనకవైపు సాలెగూడు. అద్దంలో ముఖం తప్ప చుక్కల గీత ఎప్పుడూ సరిగ్గా చూడలేదు నేను. అది అరంగుళమే. స్కేలు పెట్టి కొలిచాను, బొమ్మను తగ్గించిన నిష్పత్తికి సరిగ్గా సరిపోయింది.

అయినా నేను నేనే కాబట్టి, ఇంకా తప్పించుకోవడానికి ట్రంకు పెట్టె తెరిచాను. పదో తరగతి నోట్‌బుక్ ఉంది. నేను ఏదీ పారేయను, నీకు తెలుసు, మాటలు కూడా. నవంబరు పదకొండు దాకా ప్రతి లెక్కకూ రెండు జవాబులున్నాయి. బోర్డు మీద చూసి దించుకున్నవి, సగం తప్పులు. పన్నెండో తేదీ నుంచి ఒక్కటే జవాబు, పక్కన చదరం బొమ్మ, అన్నీ ఒప్పులు. ఒక్క రోజులో మూలం ఒకటి పోయింది, తెలివి ఒకటి వచ్చింది. లెక్కల్లోంచి నేను కనిపెట్టి ఉంటే రెండోదాన్ని వదిలేవాణ్ణి కాదు. గుడ్డలోంచి వచ్చింది కాబట్టే దానికి రెండోది లేదు. ఇరవై రెండేళ్ళు నన్ను ఆ పేరుతో పిలిచారు. ఆ పేరు కూడా నాది కాదు.

టీచరుకు రాసిన దాని నకలు ఇది. ఇన్‌చార్జికి కూడా ఒకటి పంపాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని పైన రాసి.

"అమ్మా, నేను మీ నాన్నగారితో పనిచేసినవాణ్ణి. బడి పత్రికలో నా పేరుతో వచ్చిన పద్ధతి నాది కాదు. మీ దగ్గర చదువుతున్న నా చెల్లెలు పదకొండో ఏట గుడ్డ ముక్కలతో నాకు చూపించింది. నేను గుడ్డను వార్తాపత్రిక చేసి నా పేరు వేసుకున్నాను. రుజువులు: బొమ్మలో చుక్కల గీత కుట్టు కోసం వదిలే అంచు, ఏ దర్జీనైనా అడగండి. దీంతో పంపుతున్న నోట్‌బుక్‌లో నవంబరు 11, 12 తేదీలు చూడండి. ఈసారి మాటలు దించమని ఆమెకు చెప్పింది నేను, మీ చేత టిక్కు పెట్టించుకోవాలని. ఆమె చూసి రాసింది తన లెక్కనే. మీ నాన్నగారు ఆ రోజు అడిగిన ప్రశ్న సరైనది. నేను కోపగించుకున్నది ప్రశ్న మీద కాదు, జవాబు నా దగ్గర లేనందుకు."

ఇక నీకు బాకీ పడ్డ పాఠం. నలభై తొమ్మిదికి మూలం ఏడు ఒక్కటే కాదు, మైనస్ ఏడు కూడా. మైనస్ ఏడును మైనస్ ఏడుతో గుణించినా నలభై తొమ్మిదే. అందులోంచి మూడు తీసేస్తే మైనస్ పది. కాబట్టి x = 4, x = −10. రెండూ రాయి. సూత్రంలో ప్లస్సో మైనస్సో అంటే తెలియక కాదు, రెండూ అని. కొలతల లెక్క అయితే రెండూ రాసి, మైనస్‌ది ఈ లెక్కకు ఎందుకు వర్తించదో ఒక వాక్యం రాసి కొట్టేయాలి. రాయకుండా వదిలేయకూడదు. రాసి కొట్టేయాలి. ఆ రెండింటికీ తేడా ఉంది. దానికి రెండు మార్కులు.

క్షమిస్తావా అని అడగడం నాకు చేతకాదు. అడిగాననుకో.

అన్నయ్య

మార్చి 21

అన్నయ్యకు,

నిన్న పరీక్ష అయింది. నీ నోట్‌బుక్ దీంతో పంపుతున్నాను.

నీ కాగితం నాలుగో తేదీ సాయంత్రం చేరింది. ఐదున ఇన్‌చార్జి చదివి, చుక్కల గీత దగ్గర ఆగి, కింద దుకాణంలో దర్జీని పిలిపించాడు. అతను బొమ్మ చూసి, "అంచు సరిగ్గానే వదిలారు, కానీ ఇదేం దుస్తు సార్?" అన్నాడు. ఆ గదిలో నవ్వింది ఒక్క టీచరమ్మే. తర్వాత మూడు లెక్కలు ఇచ్చి ఎదురుగా చేయమన్నారు. సుద్ద లేక వేలితో బల్ల మీద గీసుకున్నాను. మూడూ చేశాను, ఆరు జవాబులు రాశాను. సంతకం పెట్టింది. పద్ధతి ఉన్న పేజీలో టిక్కు కూడా పెట్టింది. ఆ పేజీ చింపి నీకు పంపమన్నావు. పంపను.

వాళ్ళ నాన్న ఉన్నారట, మంచంలో. నీ ఉత్తరం చదివి వినిపించిందట. "అయితే నేను తప్పు ప్రశ్న అడిగాను. ఆ గీత ఏమిటని అడగాల్సింది" అన్నారట. ఆయనకు రాయి, రాయకపో, నీ ఇష్టం.

పరీక్షలో రెండు వచ్చాయి. ఒకటి ఉత్త సమీకరణం, రెండు మూలాలూ రాశాను. ఇంకొకటి తోట పొడవు, వెడల్పు. రెండూ రాశాను, మైనస్‌ది కొట్టేశాను, ఎందుకో వాక్యం రాశాను. పాస్ అవుతానో లేదో వచ్చే నెల తెలుస్తుంది. ఏప్రిల్ ఒకటి దాకా నా కుర్చీ నాదే. రోజూ వెళ్ళి కూర్చుంటున్నాను.

క్షమిస్తావా అని అడిగాననుకోమన్నావు. ఆ ప్రశ్న పేపర్లో రాలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. వచ్చే బ్యాచికి టీచరమ్మ ఆ బొమ్మను పెద్దదిగా గీసి గోడకు పెడుతోంది. గుడ్డతోనే, నీలం అస్తరుతో, అరంగుళం వదిలి. కత్తిరించింది నేను. కింద ఎవరి పేరు రాయాలని అడిగింది. నా పేరు చెప్పాను. రాసి, పెన్ను ఎత్తి, "ఇంకో పేరు ఉందా?" అంది.

ఉందన్నాను. కానీ ఈ లెక్కకు అది వర్తించదన్నాను.

చెల్లెలు